కళ్లం కుదుపు

నవంబరు 29, శుక్రవారం. కుర్చీకి వచ్చినవి 61. గుద్దులు 2.

ఎనిమిదింటికి కుర్చీ ఎక్కాను. నాది మూడో నంబరు. చెయ్యి ఆనించుకునే చోట రెగ్జిన్ చిరిగి స్పాంజి బయటపడి రెండేళ్లయింది. అడిగితే మార్పిస్తామంటారు. వాళ్లు మార్చరు, నేను అడగడం మానను.

మొదటిది పాల వ్యాను. ఎనిమిది సెకన్లు. కుర్చీ ఒక్కసారి కిందికి దిగి పైకి ఎగరేసింది. గుంత. బొత్తం నొక్కాను. రెండోది అద్దె కారు, వెనకనుంచి చిన్న తాపు. ఎవరో డిక్కీ తలుపు కసిగా వేశారు, ఇంట్లో పోట్లాడి బయల్దేరినట్టున్నారు. "తలుపు" అని నొక్కాను. పదకొండోది మటుకు గుద్దే. నిజంగా గుద్దుకున్నప్పుడు కుర్చీ ఎగరదు, ఉన్నచోట బిగుసుకుపోతుంది, మన పళ్లు కరుచుకుంటాయి. నేను నొక్కిన నాలుగు నిమిషాలకు అంబులెన్సు అక్కడికి చేరిందని పక్కన చిన్న అక్షరాల్లో వచ్చింది. అది చూసినప్పుడు మాత్రం ఈ వెధవ ఉద్యోగం మీద కాస్త గౌరవం కలుగుతుంది.

ఈ రహదారి మీద తిరిగే బండ్లన్నిటి కుదుపుల్నీ ముందు మేస్త్రి చదువుతాడు. మేస్త్రి అంటే మనిషి కాదు, కింది అంతస్తులో చల్లటి గదిలో ఉండే యంత్రం. పేరు మేం పెట్టుకున్నదే. తెలిసినవి తనే తేల్చేసి, అనుమానం వచ్చినవి పైకి మాకు పంపుతాడు. బండి కంటికి కనబడిన బొమ్మలు కంపెనీల సొత్తు, అవి మాకివ్వరు. మాకొచ్చేది కుదుపు ఒక్కటే, దాన్ని కుర్చీ అచ్చం అట్లాగే మళ్లీ కుదిపి చూపిస్తుంది. బండ్లు తమంతట తామే నడవడం మొదలయ్యాక ఖాళీగా కూర్చున్న మా డ్రైవర్లను పిలిచి అందుకే ఈ కుర్చీల్లో వేశారు. ఇరవై రెండేళ్లు లారీ తోలినవాడికి ఏ కుదుపు ఏమిటో నడుమే చెబుతుంది. నేను చేరినప్పుడు నలభై కుర్చీలుండేవి. మేస్త్రి నేర్చుకున్నకొద్దీ తగ్గుతూ వచ్చాయి. ఇప్పుడు నాలుగు.

మధ్యాహ్నం అన్నానికి బయటికొస్తే గేటు పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నిన్నటినుంచీ అక్కడే ఉందని వాచ్‌మన్ చెప్పాడు. నన్ను చూసి లేచింది.

"అయ్యా, గుద్దు నంబరు ఇచ్చేది ఈడేనంట గదా?"

"ఇక్కడే. చేతికివ్వరమ్మా. గుద్దు జరిగితే దానంతటదే ఆసుపత్రికి పోద్ది."

"జరిగింది. పోలా."

పేరు చెంచమ్మ. రేగలగడ్డ. మొగుడు పోలయ్య. ఇద్దరూ ఒక రైతు దగ్గర రోడ్డు మీద వడ్లు తిరగబెట్టి కావలి ఉండే పనికి కుదిరారు. మొన్న బుధవారం తెల్లవారి మంచులో, రెండు వందల పద్నాలుగో కిలోమీటరు దగ్గర పోలయ్య పడుకుని ఉండగా బండి ఎక్కిందట. ఈమె టీ పట్టుకుని వచ్చేసరికి నెత్తురు మడుగులో ఉన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకుపోతే గుద్దు నంబరు అడిగారు. నంబరు లేనిదే గాయాల వార్డు తలుపు తెరుచుకోదు. పోలీసులూ అంతే. మేస్త్రి గుద్దు అనకపోతే గుద్దు జరగనట్టే లెక్క. మామూలు వార్డులో చాప మీద పడేసి, కారణం దగ్గర "పడిపోయాడు" అని రాసుకున్నారు.

"రోడ్డు మీద పడుకున్నోడు యాడనించి పడతాడయ్యా?" అంది.

మేస్త్రి గుద్దును వదలడమ్మా, నువ్వే పొరబడ్డావు అని చెప్పాను. కొంచెం విసురుగానే చెప్పాను. ఆకలి మీదున్నాను.

డిసెంబరు 2, సోమవారం. కుర్చీకి వచ్చినవి 58. గుద్దులు 1.

ఆమె ఇంకా గేటు దగ్గరే ఉంది. శనివారం, ఆదివారం ఆసుపత్రికీ ఇక్కడికీ తిరుగుతూనే ఉందట. వాచ్‌మన్ మంచినీళ్లిచ్చాడు గాని నీడలోకి రానివ్వలేదు. పైవాళ్లు చూస్తే తనమీద పడతారని భయం.

పక్క కుర్చీ రత్నబాబు ఒకప్పుడు బస్సు డ్రైవరు. "సైదులన్నా, మనకెందుకొచ్చిన తంటా? నీకు జాలెక్కువ, జ్ఞానం తక్కువ" అన్నాడు. అంటూనే ఆ రోజు జాబితా తీసి నా ముందుకు తోశాడు. నోరు అట్లాంటిదే గాని మనిషి చెడ్డవాడు కాదు.

నవంబరు ఇరవై ఏడు, ఉదయం అయిదున్నర నుంచి ఏడు దాకా, రెండు వందల పదమూడో రాయి నుంచి రెండు వందల పదహారో రాయి దాకా చూశాను. గుద్దులు సున్నా. గుంతలు పన్నెండు. కళ్లం, అరవై నాలుగు.

కోతల రోజులు కదా, అరవై నాలుగు ఎక్కువేమీ కాదు. మామూలుగా అయితే ఆ అంకె చూసి ముందుకు పోయేవాణ్ణి. కానీ "రోడ్డు మీద పడుకున్నోడు" అన్న మాట చెవిలో ఉంది. కళ్లం అన్న గుర్తు ఎవరు పెట్టారో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. నేనే పెట్టాను.

తొమ్మిదేళ్ల కిందటి సంగతి. పంట చేతికొచ్చే రోజుల్లో ఈ పక్క ఊళ్లన్నీ వడ్లు తెచ్చి రోడ్డు ఎడమ అంచున ఆరబోస్తాయి. తారు వేడికి రెండు రోజుల్లో తేమ పోతుంది, పొలంలో అయితే వారం పడుతుంది. సాయంత్రం కుప్పచేసి పట్టా కప్పి, గాలికి లేవకుండా రాళ్లు పెడతారు. బండి చక్రం దాని అంచు మీదికి ఎక్కితే కుర్చీలో మెత్తగా ఒక కుంగు, చిన్న లేపు. మేస్త్రికి అదేమిటో తెలియక గుద్దు అనేసేవాడు. అంబులెన్సు వచ్చేది. వెనకే పోలీసులొచ్చి పట్టాలూ గోతాలూ లాక్కుని, వడ్లు పక్క కాలవలోకి నెట్టించేవాళ్లు. మా అక్క మొగుడివి అట్లాగే పోయాయి. ఊరివాళ్లు నలుగురు నా దగ్గరికొచ్చి "నువ్వు ఆ కుర్చీలో ఉండి కూడా మాకిదేందిరా సైదులూ" అన్నారు. వాళ్లు అడక్కపోయినా చేసేవాణ్ణే. రోడ్డు మీద ఆరిన అన్నం తిని పెరిగినవాణ్ణి.

నాలుగు వందల కుదుపులు ఏరి, ఒక్కొక్కదాని మీదా "కళ్లం" అని కొత్త గుర్తు వేసి మేస్త్రికి నేర్పాను. రెండు నెలల్లో నేర్చుకున్నాడు. అప్పటినుంచీ ఆ కుదుపులు పైకి రావడమే లేదు, కళ్లం అని వాడే పక్కన పడేస్తున్నాడు. పట్టా కనబడితే చక్రాలు దాని మీదుగా పోనిచ్చినా ఫరవాలేదని బండ్లక్కూడా వాడే చెప్పాడు. ఆ ఏడు నాకు శాలువా కప్పారు. ఊళ్లో ఏ పెళ్లికి పోయినా ముందు వరసలో కుర్చీ వేసేవాళ్లు.

డిసెంబరు 3, మంగళవారం. కుర్చీకి వచ్చినవి 60. గుద్దులు 3. నా సొంతానికి చదివినవి 64.

సూపర్‌వైజర్ ప్రమీల గారి దగ్గరికి పోయాను. ముప్పై అయిదేళ్లుంటాయి, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతారు. ఆ అరవై నాలుగూ నా కుర్చీకి పంపించమన్నాను.

"కళ్లం మీరు పెట్టిన గుర్తే కదా సైదులు గారూ? మీకే నమ్మకం లేదా?"

"ఉంది మేడం. ఒకసారి చూసి ఉందనుకుంటాను."

అన్నం టైములో చూసుకోమన్నారు. ఒక మాట కూడా చెప్పారు. గుద్దులు కాని కుదుపుల్ని పదిహేను రోజులే దాస్తారు. పన్నెండో తారీకు దాటితే ఆ బుధవారం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అంకె ఒక్కటే మిగులుతుంది.

అన్నం మానేసి కూర్చున్నాను. అరవై నాలుగు కుదుపులు. మెత్తగా కుంగు, చిన్న లేపు. మళ్లీ కుంగు, లేపు. కొన్నిట్లో ముందు రాయి తగిలిన టక్కు. ఒక్కదాని మీద కూడా ఇది మనిషి అని చెప్పలేకపోయాను. ఇది మనిషి కాదు అని కూడా చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్ల లారీ, పన్నెండేళ్ల కుర్చీ, ఇంత పేరున్న నడుం. వడ్లకీ మనిషికీ తేడా చెప్పలేదు.

చాలా భయమేసింది. రత్నబాబు ఏమైందన్నాడు. ఏమీ లేదన్నాను.

డిసెంబరు 5, గురువారం. కుర్చీకి వచ్చినవి 63. గుద్దులు 2.

తొమ్మిదేళ్ల కిందట నేను మేస్త్రికి నేర్పిన ఆ నాలుగు వందలూ దాచే ఉంచారు. పాఠాలు కదా, వాటిని తుడవరు. రెండు రోజులుగా అన్నం టైములో అవి చదువుతున్నాను. ఈ రోజు పూర్తయ్యాయి.

ఏడింటిని నేనిప్పుడు కళ్లం అనను. ఏమనాలో తెలియదు. ఆ రోజుల్లో నాకు ఏ ఒక్కదాని మీదా అనుమానం రాలేదు. ఊళ్లవాళ్ల ముందు మాట దక్కాలని తొందరలో ఉన్నాను. చివరి అరవయ్యో డెబ్బయ్యో కుర్చీ ఎక్కకుండానే, తెర మీద గీత చూసి వేసేశాను. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

డిసెంబరు 6, శుక్రవారం. సెలవు పెట్టాను.

ఆసుపత్రికి పోయాను. పోలయ్య బక్కపలచటి మనిషి. నడుం కింద అంతా ఉబ్బిపోయి ఉంది. తెలివి లేదు. పక్క మంచం కాడి ముసలాయన "మూడు రోజులనించీ ఒకటే మూలుగు, ఇవాళే ఆగింది" అని చెప్పాడు. అది మంచి మాట కాదని మా ఇద్దరికీ తెలుసు.

చెంచమ్మ తడిగుడ్డతో పెదాలు తుడుస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, ఆ పొద్దు వడ్లు ఎంత మేర పోశారని అడిగాను. కుప్పకు ఏ పక్కన పడుకున్నాడో తెలిస్తే అరవై నాలుగులో కొన్నయినా తీసేయొచ్చని నా ఆశ.

"వడ్లా?" అంది. "వడ్లు యాడున్నయ్యి? మంగళారం పొద్దుగూకక ముందే గోతాలకెత్తి ట్రాక్టరెక్కిచ్చాం గదా."

"వడ్లు లేకపోతే మరి ఆయన అక్కడెందుకు పడుకున్నాడు?"

"పట్టాలకి కావలి. ట్రాక్టర్లో చోటు చాల్లా. పొద్దున్నే వచ్చి తీస్కపోతానన్నాడు కామందు. ఒక్క పట్టా పోయినా మమ్మల్నే అడుగుతారు ఆ ఇంటోళ్లు. చలికి రెండు పట్టాలు మీద కప్పుకున్నాడు."

"మీ చోటు ఎక్కణ్ణించి ఎక్కడి దాకా?"

"వంతెన దిగినాక రెండో స్తంభం కాణ్ణించి మూడో స్తంభం దాకా మాదే. ఈ పక్క మూడేళ్లనించీ మేమే పోస్తన్నాం. ఇంకోళ్లు పొయ్యరు."

రోడ్డు మీద ఎవరి చోటు వాళ్లది, ఎవరూ హద్దు దాటరు. అది మా ఊళ్లలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఆ రెండు స్తంభాల మధ్య ఆ పొద్దు గింజ కూడా లేదు. అక్కడ కళ్లం కుదుపు ఒక్కటి ఉన్నా, అది వడ్లు కాదు.

చెంచమ్మకు ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

డిసెంబరు 7, శనివారం. కుర్చీకి వచ్చినవి 57. గుద్దులు 1.

రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ మధ్య ఉన్నవి మూడు.

అయిదూ యాభై రెండు, చిన్న సరుకుల బండి. ఆరూ మూడు, కారు. ఆరూ తొమ్మిది, మళ్లీ సరుకుల బండి.

మూడింటినీ మళ్లీ కుర్చీలో చదివాను. ఈసారి ఏం చదువుతున్నానో తెలుసు. తెలిసినా కుర్చీలో అదే మెత్తదనం. మొదటిదానికీ రెండోదానికీ చోటు ఒకటి కాదు. రెండోది మీటరున్నర ఎడమకు ఉంది, మొదటిది కుడి చక్రానికి తగిలింది, రెండోది ఎడమ చక్రానికి. బండ్లు తమ దారి నుంచి జానెడు కూడా పక్కకు పోవు కాబట్టి జరిగింది బండి కాదు. మొదటి బండి పోయాక పోలయ్య జరిగాడు. పట్టా ఇంకా ఒంటిమీదే ఉండి ఉంటుంది. రెండో బండి కంటికి అది పట్టాయే. రెండోదానికీ మూడోదానికీ మధ్య చోటు మారలేదు.

మొదటిదానికే మేస్త్రి గుద్దు అని ఉంటే నాలుగు నిమిషాల్లో అంబులెన్సు వచ్చేది. రెండో బండి వచ్చింది పదకొండు నిమిషాలకు.

ఈ లెక్క చాలాసార్లు వేశాను. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తోంది.

డిసెంబరు 9, సోమవారం. కుర్చీకి వచ్చినవి 66. గుద్దులు 2.

ప్రమీల గారికి అన్నీ చెప్పాను. కుర్చీ ఎక్కకుండా వేసినవాటి సంగతి కూడా.

"ఈ మూడింటికి గుద్దు నంబరు ఇవ్వండి మేడం. సంతకం నేను పెడతాను."

"అట్లా కుదరదు సైదులు గారూ. మేస్త్రి అనుమానపడి పైకి పంపినవైతే ఒక్కొక్కటీ మార్చొచ్చు. వీటి మీద దానికి అనుమానమే లేదు. మీరు నేర్పిన గుర్తు ప్రకారం పోయింది. నేర్పినవాళ్లు మొత్తం గుర్తునే వెనక్కి తీసుకోవాలి. ఒక్క మనిషి కోసం తీయడం ఉండదు."

"తీసుకుంటాను."

"తీసుకుంటే ఏమవుతుందో నాకంటే మీకే తెలుసు. ఇది డిసెంబరు. ఇప్పుడు ఒంగోలు దాకా రోడ్డంతా వడ్లే. మెత్తగా తగిలిన ప్రతిదానికీ అంబులెన్సు లేస్తుంది. వెనకే పోలీసులు. మళ్లీ పట్టాలు లాక్కోవడం, కాలవలోకి నెట్టడం. మీ ఊరివాళ్లు మిమ్మల్ని బతకనిస్తారా?"

ఆవిడ బెదిరించడానికి అనలేదు. నిజంగానే అడిగారు.

ఎట్లా తెలిసిందో రత్నబాబుకు తెలిసింది. సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉంటే పక్కకొచ్చాడు.

"అన్నా, మా రెండెకరాలవీ రోడ్డు మీదే ఉన్నయ్యి. నిన్ననే పోశాం. నాలుగు రోజులు ఆగు. నాలుగంటే నాలుగే. నేను ఎత్తుకున్నాక నీ ఇష్టం."

"పన్నెండు దాటితే తుడిచేస్తారురా."

"ఆ పోలయ్య బతుకుతాడని నీకెవురు చెప్పారు?"

ఆ మాట అన్నందుకు వాడే సిగ్గుపడ్డాడు. మొహం తిప్పుకున్నాడు. మేమిద్దరం ఒకే బస్సులో వేర్వేరు సీట్లలో కూర్చుని పోయాం.

డిసెంబరు 10, మంగళవారం. కుర్చీకి వచ్చినవి 1140. గుద్దులు చెప్పలేను.

ఉదయం పదీ ఇరవైకి వేలిముద్ర వేసి కళ్లం గుర్తు వెనక్కి తీసుకున్నాను. ప్రమీల గారు పక్కన నిలబడ్డారు. "ఖాయమేనా?" అని మేస్త్రి రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అవునన్నాను.

గుర్తు పోగానే ఆ మూడు కుదుపులూ గుద్దులయ్యాయి. పదీ ఇరవై రెండుకి పోలయ్య పేరు మీద గుద్దు నంబరు పుట్టింది. పదకొండింటికి గాయాల వార్డులోకి తీసుకున్నారని చెంచమ్మ వాచ్‌మన్ ఫోనుకు చెప్పించింది. "తలుపు తెరుచుకుంది" అన్నదట. అంతే అన్నదట.

ఆ తర్వాత మిగతా రోజంతా నరకం. మేస్త్రి మెత్తటి కుదుపు ప్రతిదాన్నీ పైకి తోశాడు. మేం నలుగురం ఊపిరాడకుండా నొక్కుతూనే ఉన్నాం. దేనికి ఏం నొక్కాలో మాకే తెలియదు, అన్నిటికీ గుద్దు అని నొక్కాం. అంబులెన్సులు చాలలేదు. రెండు నిజం గుద్దులకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా పోయాయి. ఒకటి మార్టూరు దగ్గర, తల్లీ కూతురూ. బతికారు. బతకకపోయి ఉంటే ఏం రాసేవాణ్ణో తెలియదు.

మూడు గంటలకు బావ ఫోన్ చేశాడు. ఊరి వడ్లు సగం కాలవలో ఉన్నాయన్నాడు. ఇంకా చాలా అన్నాడు, అవి రాయను. అక్క ఫోన్ తీసుకుని ఏడ్చింది గాని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

రత్నబాబు వడ్లు పోయాయో లేదో అడిగే ధైర్యం లేకపోయింది. వాడు నాతో మాట్లాడలేదు.

డిసెంబరు 12, గురువారం. కుర్చీకి వచ్చినవి 970. గుద్దులు 5, మాకు తెలిసినంతలో.

పోలయ్య ఉదయం తొమ్మిదింటికి పోయాడు. మొదటిరోజే గాయాల వార్డుకు తెచ్చి ఉంటే కాలు పోయేదేమోగాని మనిషి దక్కేవాడని డాక్టరు చెప్పాడట. ఆ డాక్టరు మామూలు వార్డులో పదమూడు రోజులు పోలయ్య పక్కనుంచే నడిచి ఉంటాడు. ఆయన్ను తిట్టే హక్కు నాకు లేదు.

మధ్యాహ్నం ప్రమీల గారు పిలిచి ఒక కాగితం చూపించారు. ఈ తొమ్మిదేళ్లలో మేస్త్రి కళ్లం అని పక్కన పడేసినవి ఎన్నో పైవాళ్లు అడిగారట. పద్దెనిమిది లక్షల ముప్పై ఎనిమిది వేల రెండు వందల ఆరు. కుదుపులన్నీ ఎప్పుడో తుడిచేశారు. మిగిలింది ఆ అంకె.

"ఇందులో మనుషులు ఎంతమందో తెలుసుకునే దారి ఏదైనా ఉందా మేడం?"

"లేదు. ఆసుపత్రుల్లో 'పడిపోయాడు' అని రాసినవాళ్లను వెతకమని రాశాను. వెతుకుతారని నాకు నమ్మకం లేదు."

ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కళ్లంలో మనుషులు ఉండొచ్చని ఈ కేంద్రంలో తొమ్మిదేళ్లలో ఒక్కరికీ తోచలేదు. రోడ్డు మీద వడ్లుంటే వాటి పక్కన కావలి మనిషి ఉంటాడని మా ఊళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. మా నాన్న కూడా అట్లాగే పడుకునేవాడు. తెలిసీ, గుర్తు వేసేటప్పుడు వడ్లు మాత్రమే గుర్తొచ్చాయి. మా వాళ్ల వడ్లు.

డిసెంబరు 23, సోమవారం. సెలవు.

కొత్తగా ఇరవై కుర్చీలు వేస్తున్నారు. డ్రైవర్లను పిలుస్తున్నారు. నన్ను తీసేస్తారనుకున్నాను, తీయలేదు. మనుషులు దొరకడం లేదట. ఊళ్లోకి పోవడం మానేశాను.

రేగలగడ్డ పోయాను. చెంచమ్మ ఇంటి దగ్గర లేదు, రోడ్డు మీద ఉందన్నారు. వంతెన దిగి రెండో స్తంభం దాకా నడిచాను. ఆ కామందువే, ఆఖరి కోత వడ్లు. పోలీసులు రెండుసార్లు వచ్చి చూసి, చచ్చిన మనిషి చోటని వదిలేసి పోయారట. ఆమె ఒక్కతే కాళ్లతో వరసలు తీస్తూ వడ్లు తిరగబెడుతోంది. ఇప్పుడు బండ్లు దూరంనుంచే నెమ్మదించి, పట్టాకు దూరంగా జరిగి పోతున్నాయి. పక్కన ఇంకో బండి ఉండి చోటు లేకపోతే మటుకు అంచు ఎక్కుతున్నాయి. నేనక్కడున్న గంటలో అంబులెన్సు ఒకసారి వచ్చి, దిగి చూసి, విసుక్కుని పోయింది.

"పొద్దుటినించీ మూడోసారి" అంది చెంచమ్మ. "ఆ పొద్దు ఒక్కసారి రాలా."

వరస చివరిదాకా పోయి వెనక్కొచ్చి నా ముందు ఆగింది.

"నువ్వు ఆ కుర్చీలో కూకుని చూశావంట గదయ్యా. మొదటి బండికే తెలివి పోయిందా ఆయనకి?"

ఇది అడుగుతుందని తెలుసు. జవాబు దారి పొడుగునా తయారుచేసుకునే వచ్చాను.

"మొదటిదానికేనమ్మా. ఆ తర్వాత ఏమీ తెలిసుండదు."

ఆమె కాలితో వడ్లు ఒకసారి పక్కకు నెట్టింది.

"ఆయన చేతులు కడిగింది నేనేనయ్యా" అంది. "గోళ్ల నిండా తారే."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదటి బండికీ రెండోదానికీ మధ్య పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో మీటరున్నర జరిగాడు.

"ఎటు?"

"అంచు వైపు."

"అంచు వైపేనా?"

"అంచు వైపే."

"ఇంకెంత ఉండింది అంచుకి?"

"రెండడుగులు."

ఆమె తారు రోడ్డు అంచును, దాని పక్కనున్న మట్టిని కొంచెంసేపు చూసింది. తర్వాత చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, రెండో వరస తిరగబెట్టడానికి వడ్లలోకి దిగింది.